సంకీర్ణ సంఖ్యల మూలాలు (ధ్రువ రూప పద్ధతి)

ఒక సంకీర్ణ సంఖ్యను న సార్లు తనతో తాను గుణించగా ఇచ్చిన మరొక సంకీర్ణ సంఖ్య వచ్చినట్లయితే, మొదటిదానిని రెండవదాని న-వ మూలం అంటారు. సున్న కాని ప్రతి సంకీర్ణ సంఖ్యకు రెండు వర్గమూలాలు, మూడు ఘనమూలాలు, నాలుగు నాల్గవ మూలాలు ఉంటాయి. సాధారణంగా చెప్పాలంటే సరిగ్గా న సంఖ్యలో న-వ మూలాలు ఉంటాయి, అంతకు ఎక్కువా ఉండవు, తక్కువా ఉండవు. ఈ మూలాలన్నీ సమతలంలో ఒకే వృత్తం మీద, సమాన దూరాలలో అమరి ఉంటాయి. వీటిని కనుగొనుటకు మిక్కిలి అనువైనది ధ్రువ రూప పద్ధతి.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరపు గణితంలో ఈ విషయం దశాబ్దాల పాటు బోధింపబడింది. ఎన్.టి.ఆర్. జిల్లా (2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లా) లోని తిరువూరు వంటి పట్టణంలో జూనియర్ కళాశాల విద్యార్థికి ఇది "డిమూవర్ సిద్ధాంతం" అనే పాఠంగా పరిచయం. అదే తిరువూరు చుట్టుపక్కల మెట్ట పొలాలలో, మామిడి తోటలలో నీరు తోడే త్రీ ఫేజు మోటార్లు తిరిగేది 1 యొక్క మూడు ఘనమూలాల అమరిక మీదనే. పుస్తకంలోని లెక్కకూ పొలంలోని మోటారుకూ గల ఈ సంబంధం వ్యాసం చివరి భాగంలో వివరింపబడింది.

గుర్తులు, పారిభాషిక పదాలు

ఈ వ్యాసంలో సూత్రాలకు తెలుగు అక్షరాలే వాడబడినవి. −1 యొక్క వర్గమూలాన్ని ఐ అని వ్రాస్తారు; అంటే ఐ² = −1. ఏ సంకీర్ణ సంఖ్యనైనా అ + ఐ ఆ అని వ్రాయవచ్చును. ఇందులో అ వాస్తవ భాగం, ఆ కల్పిత భాగం. అడ్డంగా వాస్తవ అక్షాన్ని, నిలువుగా కల్పిత అక్షాన్ని గీసినచో ప్రతి సంకీర్ణ సంఖ్యకు సమతలంలో ఒక బిందువు లభిస్తుంది. ఈ పటాన్ని ఆర్గాండ్ పటం అంటారు.

ఆ బిందువుకు మూలబిందువు నుండి గల దూరం సంఖ్య యొక్క మాపం. దీనిని మ అందాం. మూలబిందువును ఆ బిందువుతో కలిపే రేఖ, వాస్తవ అక్షపు ధన దిశతో గడియారపు ముల్లుకు ఎదురు దిశలో చేసే కోణం ఆయామం. దీనిని థ (థీటా) అందాం. ఇక్కడ మూలబిందువు అనే మాటలోని "మూలం" వేరు, వర్గమూలంలోని "మూలం" వేరు. మొదటిది అక్షాలు ఖండించుకొనే చోటు. తెలుగులో రెండింటికీ ఒకే పదం స్థిరపడినందున పాఠకుడు సందర్భాన్ని బట్టి గ్రహించవలసి ఉంటుంది.

ధ్రువ రూపం

లంబకోణ త్రిభుజాన్ని ఆధారంగా చేసుకొని చూస్తే అ = మ కాస్ థ, ఆ = మ సైన్ థ అవుతాయి. కావున సంఖ్యను

స = మ (కాస్ థ + ఐ సైన్ థ)

అని వ్రాయవచ్చును. దీనినే ధ్రువ రూపం అంటారు. కుండలీకరణంలోని భాగాన్ని సంక్షిప్తంగా సిస్ థ అని వ్రాయడం వాడుక. అప్పుడు స = మ సిస్ థ.

మాపం కనుగొనడం సులభం: పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం మ = √(అ² + ఆ²). ఆయామం విషయంలోనే జాగ్రత్త అవసరం. ట్యాన్ థ = ఆ/అ అన్నది నిజమే గాని, ఈ నిష్పత్తి ఒక్కటే ఆయామాన్ని నిర్ణయించలేదు. ఉదాహరణకు −1 + ఐ, 1 − ఐ అనే రెండు సంఖ్యలకూ ఈ నిష్పత్తి −1. కాని మొదటిది రెండవ పాదంలో ఉన్నది, దాని ఆయామం 135°. రెండవది నాల్గవ పాదంలో ఉన్నది, దాని ఆయామం −45°. రెండూ మూలబిందువుకు ఎదురెదురు దిక్కులలో ఉన్నవి. క్యాలిక్యులేటరులో విలోమ ట్యాన్ నొక్కినచో రెండింటికీ −45° అనే చూపుతుంది. అందుచేత బిందువు ఏ పాదంలో ఉన్నదో చిన్న పటం గీసి చూచుకొన్న పిమ్మటే ఆయామం వ్రాయాలి. ఈ పటం గీయడానికి పట్టేది కొన్ని క్షణాలు. గీయకపోతే తప్పేది లెక్క మొత్తం.

ఆయామం −180° కంటె ఎక్కువగా, 180° కు మించకుండా ఉన్నప్పుడు దానిని ప్రధాన ఆయామం అంటారు. అయితే దానికి 360° ఎన్నిసార్లు కలిపినా, తీసివేసినా బిందువు మారదు. 30°, 390°, 750° మూడూ ఒకే దిక్కును చూపుతాయి. మూలాలు కనుగొనడంలో కీలకమంతా ఈ చిన్న విషయంలోనే ఉన్నది.

డిమూవర్ సిద్ధాంతం

రెండు సంకీర్ణ సంఖ్యలను ధ్రువ రూపంలో గుణించినప్పుడు వాటి మాపాలు గుణింపబడతాయి, ఆయామాలు కూడబడతాయి. సిస్ థ, సిస్ ఫ అనే రెండింటిని విస్తరించి గుణిస్తే, వాస్తవ భాగం కాస్ థ కాస్ ఫ − సైన్ థ సైన్ ఫ, కల్పిత భాగం సైన్ థ కాస్ ఫ + కాస్ థ సైన్ ఫ వస్తాయి. ఇవి త్రికోణమితిలో తెలిసిన సంయుక్త కోణ సూత్రాలే. వరుసగా కాస్ (థ + ఫ), సైన్ (థ + ఫ) లకు సమానం. అంటే సంకీర్ణ సంఖ్యతో గుణించడమంటే ఒకేసారి సాగదీయడం, తిప్పడం.

ఒకే సంఖ్యను న సార్లు గుణించుకొంటూ పోతే కోణం న రెట్లు అవుతుంది. కావున

(సిస్ థ) యొక్క న-వ ఘాతం = సిస్ (న × థ).

దీనికి డిమూవర్ సిద్ధాంతమని పేరు. అబ్రహాం డి మూవర్ (1667–1754) ఫ్రాన్సులో పుట్టి, మతపరమైన వేధింపుల వలన ఇంగ్లండుకు వలసపోయి, లండనులో ట్యూషన్లు చెప్పుకొని జీవించిన గణితవేత్త. 1707లోను, 1722లోను ప్రచురించిన వ్యాసాలలో ఆయన ఈ ఫలితానికి దగ్గరి రూపాలను ఇచ్చాడు. నేడు పాఠ్యపుస్తకాలలో కనిపించే రూపంలో దీనిని స్పష్టంగా వ్రాసినవాడు ఆయిలర్. 1748లో వెలువడిన ఆయన గ్రంథంలో ఇది ఉన్నది.

మూలాలు కనుగొనే పద్ధతి

స = మ సిస్ థ అనే సంఖ్యకు న-వ మూలం ర సిస్ ఫ అనుకొందాం. డిమూవర్ సిద్ధాంతం ప్రకారం దాని న-వ ఘాతపు మాపం ర యొక్క న-వ ఘాతం, ఆయామం న × ఫ. ఇది స కు సమానం కావాలంటే రెండు షరతులు నెరవేరాలి.

మొదటిది, ర యొక్క న-వ ఘాతం మ కు సమానం కావాలి. ర, మ రెండూ ధన వాస్తవ సంఖ్యలు గనుక ర కు ఒకే ఒక విలువ ఉంటుంది: మ యొక్క మామూలు ధన న-వ మూలం.

రెండవది, న × ఫ అనే కోణం, థ అనే కోణం ఒకే దిక్కును చూపాలి. అవి సమానం కానక్కరలేదు. వాటి భేదం పూర్తి చుట్ల సంఖ్య అయితే చాలు. అంటే న × ఫ = థ + 360° × క. ఇందులో క పూర్ణాంకం. కావున

ఫ = (థ + 360° × క) ÷ న, ఇందులో క = 0, 1, 2, ..., న − 1.

360° ను భాగించిన తరువాత గాక, భాగించక ముందే ఎందుకు కలపాలి అన్నది ఇక్కడ సహజంగా వచ్చే ప్రశ్న. గానుగ చుట్టూ తిరిగే ఎద్దును తలచుకొంటే సమాధానం తేలిక. ఒక చుట్టు తిరిగినా, రెండు చుట్లు తిరిగినా ఎద్దు నిలిచిన చోటు ఒకటే. చోటును చూచి చుట్ల లెక్క చెప్పలేము. కాని ఆ నడకను మూడు సమాన భాగాలు చేసి, మొదటి భాగం ముగిసేసరికి ఎద్దు ఎక్కడ ఉన్నదని అడిగితే, తిరిగిన చుట్లను బట్టి సమాధానం మారుతుంది. ఒక చుట్టులో మూడవ వంతు 120°, రెండు చుట్లలో మూడవ వంతు 240°. మూడు చుట్లలో మూడవ వంతు పూర్తి చుట్టు గనుక మరల మొదటి చోటికే వస్తుంది. అందువలన ఘనమూలాలు మూడే. ఇదే కారణంగా న-వ మూలాలకు క విలువ న − 1 వద్ద ఆగుతుంది; క = న అయితే క = 0 నాటి మూలమే తిరిగి వస్తుంది. ఈ మధ్యలోని కోణాలు దేనికి అదే వేరు, ఎందుకంటే ఏ రెండింటి మధ్య భేదమూ 360° కంటె తక్కువ.

ఒక్కొక్క మూలానికి మధ్య కోణం 360° ÷ న. అన్నింటి మాపం ఒకటే. అందుచేత వరుసగా కలిపితే మూడు గాని అంతకు మించి గాని మూలాలు ఒక క్రమ బహుభుజికి శీర్షాలవుతాయి: ఘనమూలాలు సమబాహు త్రిభుజానికి, నాల్గవ మూలాలు చతురస్రానికి, ఐదవ మూలాలు క్రమ పంచభుజికి. ఒక మూలం తెలిస్తే మిగిలినవన్నీ దానిని తిప్పి పొందవచ్చును.

ఉదాహరణలు

8ఐ యొక్క ఘనమూలాలు: 8ఐ నిలువు అక్షం మీద పైన ఉన్నది. మాపం 8, ఆయామం 90°. మూలాల మాపం 2. మొదటి కోణం 90° ÷ 3 = 30°; తరువాతివి 120° చొప్పున పెరిగి 150°, 270°. కావున మూలాలు 2 సిస్ 30° = √3 + ఐ, 2 సిస్ 150° = −√3 + ఐ, 2 సిస్ 270° = −2ఐ. చివరిదానిని సరిచూడడం సులభం: (−2ఐ)³ = −8 ఐ³ = 8ఐ. మొదటిదాని వర్గం 2 + 2√3 ఐ. దానిని మరల √3 + ఐ చే గుణిస్తే 8ఐ వస్తుంది.

−16 యొక్క నాల్గవ మూలాలు: మాపం 16, ఆయామం 180°. మూలాల మాపం 2, కోణాలు 45°, 135°, 225°, 315°. అవి √2 + √2 ఐ, −√2 + √2 ఐ, −√2 − √2 ఐ, √2 − √2 ఐ. వాస్తవ సంఖ్యలలో చ⁴ + 16 = 0 అనే సమీకరణానికి సాధన లేదు. సంకీర్ణ సంఖ్యలలో నాలుగున్నవి. వీటిలో సంయుగ్మ జతలను కలిపితే చ⁴ + 16 = (చ² − 2√2 చ + 4)(చ² + 2√2 చ + 4) అనే కారణాంక విభజన దానంతట అదే దొరుకుతుంది.

−8 + 8√3 ఐ యొక్క నాల్గవ మూలాలు: మాపం √(64 + 192) = 16. నిష్పత్తి −√3. బిందువు రెండవ పాదంలో ఉన్నది గనుక ఆయామం 120°. మూలాల కోణాలు 30°, 120°, 210°, 300°. కావున మూలాలు √3 + ఐ, −1 + √3 ఐ, −√3 − ఐ, 1 − √3 ఐ. పాదాన్ని గమనించక −60° తీసుకొన్నవారికి −15° తో మొదలయ్యే వేరొక చతురస్రం వస్తుంది. అది 8 − 8√3 ఐ కు సరియైన సమాధానమే గాని, అడిగిన సంఖ్యకు కాదు. నాలుగు మూలాలు రావడం, అవి చతురస్రంగా అమరడం రెండూ జరుగుతాయి గనుక తప్పు పైకి కనబడదు. ఒక్క మూలాన్నయినా నాల్గవ ఘాతానికి హెచ్చించి సరిచూచుకొంటే గాని బయటపడదు.

3 + 4ఐ యొక్క వర్గమూలాలు: మాపం 5, ఆయామం సుమారు 53.13°. మూలాల మాపం √5, కోణాలు సుమారు 26.565°, 206.565°. ఇవి 2 + ఐ, −2 − ఐ. ఇటువంటి చోట్ల ధ్రువ రూపం కంటె బీజగణిత పద్ధతే మేలు: (ప + ఐ బ)² = 3 + 4ఐ అని వ్రాసి ప² − బ² = 3, 2పబ = 4 అనే సమీకరణాలను సాధిస్తే దశాంశాల అవసరం లేకుండానే సమాధానం వస్తుంది. వర్గమూలాలకు బీజగణితం, ఘనమూలం మొదలుకొని పై తరగతులకు ధ్రువ రూపం అనే విభజన ఆచరణలో అనుకూలంగా ఉంటుంది.

ఏకకపు మూలాలు

1 అనే సంఖ్యకు గల న-వ మూలాలను ఏకకపు న-వ మూలాలు అంటారు. వీటి మాపం 1, కోణాలు 0° తో మొదలవుతాయి. ఏకకపు ఘనమూలాలు 1, ఒమేగా, ఒమేగా². ఇందులో ఒమేగా = సిస్ 120° = −1/2 + (√3/2) ఐ, ఒమేగా² = సిస్ 240° = −1/2 − (√3/2) ఐ. ఒమేగాను ఒమేగాచే గుణిస్తే ఒమేగా², మరొకసారి గుణిస్తే 1.

వీటి మొత్తం సున్న: 1 + ఒమేగా + ఒమేగా² = 0. దీనికి లెక్క లేని నిరూపణ కూడా ఉన్నది. మూడు మూలాలను కలిపి 120° తిప్పితే ఒక్కొక్కటి పక్కదాని స్థానంలోకి వెళుతుంది. సమూహం మారదు గనుక మొత్తం కూడా మారరాదు. తిప్పినా మారని సంఖ్య సున్న ఒక్కటే. ఇదే వాదన న ≥ 2 అయినప్పుడు ఏ తరగతి మూలాలకైనా వర్తిస్తుంది.

ఏ సంఖ్యకైనా ఒక న-వ మూలం తెలిస్తే, దానిని ఏకకపు న-వ మూలాలన్నింటితో గుణించగా మిగిలినవి లభిస్తాయి. పైన చెప్పిన −2ఐ ని ఒమేగాతో, ఒమేగా²తో గుణించి చూస్తే √3 + ఐ, −√3 + ఐ లు వస్తాయి.

ఈ మూలాలకు జ్యామితితోను గాఢమైన సంబంధం ఉన్నది. ఐదవ మూలాల నుండి కాస్ 72° = (√5 − 1)/4 అని తేలుతుంది. ఇందులో వర్గమూలం తప్ప మరొకటి లేనందువలననే క్రమ పంచభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయగలుగుతున్నాము. ఏకకపు 17వ మూలాలను కూడా వర్గమూలాలతోనే వ్రాయవచ్చునని 1796లో గౌస్ కనుగొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు 18 సంవత్సరాలు. గ్రీకుల కాలం తరువాత నిర్మాణ యోగ్యమైన కొత్త క్రమ బహుభుజి దొరకడం అదే మొదలు.

చరిత్ర

రుణ సంఖ్యకు వర్గమూలం ఉండదన్న మాట భారతీయ గణితంలో స్పష్టంగా కనిపించేది మహావీరాచార్యుని గణితసార సంగ్రహంలో. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, సుమారు 850 ప్రాంతంలో ఇది రచింపబడింది. ధన సంఖ్య వర్గమూ రుణ సంఖ్య వర్గమూ ధనమే గనుక, రుణ సంఖ్య స్వభావం చేతనే వర్గం కాజాలదని, అందుచేత దానికి వర్గమూలం లేదని ఆయన చెప్పాడు. వాస్తవ సంఖ్యలకు పరిమితమైనంత వరకు ఈ మాట నేటికీ నిజమే. ఈ సంస్కృత గ్రంథమే పావులూరి మల్లన చేతిలో సార సంగ్రహ గణితంగా తెలుగు పద్యరూపం పొందింది. తెలుగులో వెలసిన తొలి శాస్త్ర గ్రంథాలలో దీనిని లెక్కిస్తారు.

రుణ సంఖ్యల వర్గమూలాలను తప్పించుకోలేని పరిస్థితి వర్గ సమీకరణాల వలన కాక ఘన సమీకరణాల వలన ఏర్పడింది. 1545లో ఇటలీకి చెందిన కార్డానో ఘన సమీకరణాల సాధనను ప్రచురించాడు. దానిని చ³ = 15చ + 4 అనే సమీకరణానికి వర్తింపజేస్తే, 2 + 11ఐ, 2 − 11ఐ అనే రెండు సంఖ్యల ఘనమూలాలను కూడవలసి వస్తుంది. ఈ సమీకరణానికి 4 సాధన అని చూడగానే తెలుస్తుంది. వాస్తవమైన సమాధానానికి కల్పిత సంఖ్యల గుండా పోవలసి రావడం ఆనాటివారిని కలవరపెట్టింది. 1572లో బొంబెల్లి ఈ ఘనమూలాలు 2 + ఐ, 2 − ఐ అని గుర్తించి, వాటిని కూడి 4 రాబట్టాడు.

బొంబెల్లి ఊహించి కనుగొన్నదానిని ధ్రువ రూపం నేరుగా ఇస్తుంది. 2 + 11ఐ మాపం √125, ఆయామం సుమారు 79.695°. ఘనమూలాల మాపం √5, కోణాలు 26.565°, 146.565°, 266.565°. ప్రతి మూలాన్నీ దాని సంయుగ్మంతో కూడితే కల్పిత భాగాలు పోయి 2√5 × కాస్ ఫ మిగులుతుంది. మూడు కోణాలకు వరుసగా 4, −2 − √3, −2 + √3 వస్తాయి. సమీకరణపు మూడు సాధనలూ ఇవే. క = 0 వద్దనే ఆగినవారికి 4 మాత్రమే దక్కుతుంది; మిగిలిన రెండూ క = 1, క = 2 లలో ఉన్నవి.

సంకీర్ణ సంఖ్యలను సమతలంలో బిందువులుగా చూపే పద్ధతిని నార్వేలో పుట్టిన భూమి కొలతదారు వెసెల్ 1797లో డెన్మార్కు విజ్ఞాన పరిషత్తుకు సమర్పించాడు. అది డేనిష్ భాషలో ఉండుటచే సుమారు ఒక శతాబ్దం మరుగున పడింది. 1806లో ఆర్గాండ్ స్వతంత్రంగా అదే పద్ధతిని వెలువరించినందున పటానికి ఆయన పేరే నిలిచింది. −1 వర్గమూలానికి ఐ అనే గుర్తును 1777లో ఆయిలర్ వాడాడు.

తెలుగులో బోధన

కళాశాల స్థాయిలో తెలుగు మాధ్యమపు పాఠ్యపుస్తకాలను సిద్ధం చేయుటకు 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమి ఏర్పడింది. సంకీర్ణ సంఖ్య, మాపం, ఆయామం, సంయుగ్మం వంటి పదాలు తెలుగు మాధ్యమ విద్యార్థులకు పరిచయమైనది ఈ పుస్తకాల ద్వారానే. గణితశాస్త్రం 2ఎ పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయం సంకీర్ణ సంఖ్యలకు, రెండవ అధ్యాయం డిమూవర్ సిద్ధాంతానికి కేటాయింపబడినవి. ఏకకపు ఘనమూలాల మీద ప్రశ్నలు ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలలోను తరచుగా కనిపించేవి.

పరీక్షలలో సాధారణంగా దొర్లే తప్పులు కొన్నే. ఒకే మూలం వ్రాసి ఊరుకోవడం వాటిలో ముఖ్యమైనది. వాస్తవ సంఖ్యల అలవాటు వలన 8 యొక్క ఘనమూలం అనగానే 2 అని వ్రాసి, −1 + √3 ఐ, −1 − √3 ఐ లను మరచిపోవడం దీనికి ఉదాహరణ. 360° ను భాగించిన తరువాత కలపడం రెండవది. అలా చేస్తే క ఎంత మారినా మొదటి మూలమే మరల మరల వస్తుంది. మాపానికి మూలం తీయడానికి బదులు దానిని కూడా న చే భాగించడం మూడవది. ఈ తప్పులన్నింటికీ కారణం సూత్రాన్ని పటం లేకుండా కంఠస్థం చేయడమే. వృత్తం గీసి, మొదటి మూలాన్ని గుర్తించి, మిగిలినవాటిని సమాన కోణాలలో పెట్టుకొంటూ పోయే విద్యార్థికి ఈ పొరపాట్లు దాదాపు సాధ్యం కావు.

మూడు ఫేజుల విద్యుత్తులో ఘనమూలాలు

ఇబ్రహీంపట్నం వద్ద గల డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలోని జనరేటరు అయినా, మరెక్కడిదయినా, మూడు జతల చుట్లను 120° ఎడంగా అమర్చి మూడు వోల్టేజీలను పుట్టిస్తుంది. భారతదేశంలో ఇవి సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తాయి. మార్పుచెందే విద్యుత్తును సంకీర్ణ సంఖ్యలతో లెక్కించే పద్ధతిని 1893లో స్టైన్‌మెట్జ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పద్ధతిలో ఆర్, వై, బి అనే మూడు ఫేజులను వరుసగా 1, ఒమేగా², ఒమేగా అని వ్రాయవచ్చును. ఇంజనీర్లు కరెంటుకు ఐ అక్షరం వాడుతున్నందున −1 వర్గమూలానికి జె అని వ్రాస్తారు. అది గుర్తులో తేడాయే గాని విషయంలో కాదు.

1 + ఒమేగా + ఒమేగా² = 0 కావడం చేత సమతుల్యమైన మూడు ఫేజుల కరెంట్ల మొత్తం ప్రతి క్షణమూ సున్న. తిరిగి పోవలసిన కరెంటు మిగలదు గనుక బోరు మోటారుకు మూడు తీగలు చాలును, నాల్గవ తీగ అక్కరలేదు. ఇంటిలో 230 వోల్టులు, మోటారు స్టార్టరు వద్ద 400 వోల్టులు ఉండడానికి కారణం కూడా ఈ త్రిభుజమే. 1, ఒమేగా అనే రెండు బిందువుల మధ్య దూరం √3, అంటే సుమారు 1.732. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య 230 వోల్టులుంటే రెండు ఫేజుల మధ్య 230 × 1.732, సుమారు 398 వోల్టులు ఉంటాయి.

మోటారు వెనుకకు తిరిగితే స్టార్టరులో ఏవైనా రెండు తీగలను తారుమారు చేస్తారు. గణితంలో అది ఒమేగా, ఒమేగా² లను తారుమారు చేయడం. ఫేజుల వరుస తిరగబడి, మోటారు లోపలి అయస్కాంత క్షేత్రం ఎదురు దిశలో తిరుగుతుంది.

ఒక ఫేజు పోయినప్పుడు జరిగేది మరింత ముఖ్యం. మూడు ఫేజులు అసమానంగా ఉన్నప్పుడు వాటిని ముందుకు తిప్పే భాగం, వెనుకకు తిప్పే భాగం, ఏ వైపూ తిప్పని భాగం అని మూడుగా విడదీయవచ్చునని 1918లో ఫోర్టెస్క్యూ చూపించాడు. ముందు భాగం కోసం రెండవ ఫేజును ఒమేగాతో, మూడవదానిని ఒమేగా²తో గుణించి, మొదటిదానితో కూడి 3 చే భాగించాలి. వెనుక భాగం కోసం ఒమేగా, ఒమేగా² ల స్థానాలు మార్చాలి. మూడు ఫేజులూ సరిగా ఉన్నప్పుడు (1, ఒమేగా², ఒమేగా) ముందు భాగం (1 + 1 + 1)/3 = 1, వెనుక భాగం (1 + ఒమేగా + ఒమేగా²)/3 = 0. మోటారు పూర్తి బలంతో ఒకే దిక్కుకు తిరుగుతుంది.

ఇప్పుడు బి ఫేజు ఫ్యూజు పోయిందనుకొందాం. ఆ తీగలో కరెంటు సున్న. ఆర్ తీగలో లోపలికి పోయిన కరెంటు వై తీగలోనే బయటికి రావాలి గనుక కరెంట్లు 1, −1, 0. ముందు భాగం (1 − ఒమేగా)/3, వెనుక భాగం (1 − ఒమేగా²)/3. రెండింటి మాపమూ ఒకటే: √3/3, సుమారు 0.577. ముందుకు లాగే బలమూ వెనుకకు లాగే బలమూ సమానం కావడంతో ఆగి ఉన్న మోటారు కదలదు. గుర్రుమని శబ్దం చేస్తూ వేడెక్కుతుంది. అప్పటికే తిరుగుతున్న మోటారు అయితే ఆగకపోవచ్చు గాని, భారమంతా మిగిలిన రెండు తీగల మీద పడి అవి అధికమైన కరెంటు లాగుతాయి. సకాలంలో ఆపకపోయినా, స్టార్టరులోని రక్షణ రిలే పనిచేయకపోయినా వైండింగు కాలిపోతుంది. బోరులోని సబ్‌మెర్సిబుల్ మోటారు అయితే పైపులతో సహా పైకి తీయవలసి వస్తుంది. సింగిల్ ఫేజింగ్ నివారణ పరికరాలలో కొన్ని పైన చెప్పిన వెనుక భాగాన్నే కొలిచి, అది నిర్ణీత హద్దు దాటగానే మోటారును ఆపుతాయి. సమతుల్య స్థితిలో ఆ భాగం సున్న కావడమే వాటి పనికి ఆధారం.

ఏకకపు మూలాల వినియోగం విద్యుత్తుతో ఆగదు. ధ్వనిని, చిత్రాన్ని అంకెలుగా మార్చి విశ్లేషించే విచ్ఛిన్న ఫూరియే పరివర్తన ఏకకపు న-వ మూలాలతోనే నిర్మితమైనది. పెద్ద న విలువలకు ఆ లెక్కను బహు త్వరగా చేసే పద్ధతిని 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించారు. 1024వ మూలాలను వర్గిస్తే 512వ మూలాలు, వాటిని వర్గిస్తే 256వ మూలాలు వస్తాయి. పెద్ద లెక్కను ఈ విధంగా సగం సగం చేసుకొంటూ పోవడమే ఆ పద్ధతిలోని కిటుకు.